తడి కట్టె మీద నెపం

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం. ఒడిశా కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలోని అమ్మలకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. సాలూరు నుంచి ఘాటీ ఎక్కి ఇంత చలిలో వచ్చిన బంధువులకు ఇంకో నమస్కారం. పొట్టంగి దగ్గర పొగమంచులో బస్సు ఎంత నెమ్మదిగా వస్తుందో నాకు తెలుసు.

నాకిచ్చిన అంశం 'వినియోగదారుల హక్కులు'. 1986లో ఇదే రోజున వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందుకే ఈ సభ. హక్కులు ఆరూ ఆ ఫ్లెక్సీ మీద ఉన్నాయి, చదువుకోండి. నేను మా చెల్లెలి పొయ్యి గురించి చెబుతాను. చెప్పకుండా ఈ మైకు వదలను.

మా చెల్లెలు మీ అందరికీ తెలుసు. బావగారు పోయాక, దొరల కాలం నాటి ఆ పాత ఇంట్లో రెండు గదులు దేవమాలి కొండ చూడ్డానికి వచ్చేవాళ్లకు అద్దెకిచ్చుకుని బతుకుతోంది. వంటా తనే, పక్కలు వేసేదీ తనే. హాల్లో గోడపొయ్యి ఉంది. ఊరికే మండిస్తే వేడంతా చిమ్నీలోంచి పోతోందని, ఆ గూట్లో ఇమిడే ఇనప పొయ్యి ఒకటి విశాఖపట్నంలో కొన్నది. ఇన్సర్ట్ అంటారు. అద్దం తలుపు, లోపల ఇటుకలు, పైన మంటను మళ్లించే బాఫిల్ పలక. దాచుకున్న డబ్బు దాని మీద పెట్టింది. షాపువాళ్ల మనిషే వచ్చి బిగించాడు, బిగింపు ఖర్చు కూడా బిల్లులో వేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి చలికాలం దాటకముందే పొయ్యి వెనక గోడ అతుకు విచ్చుకుంది. వెల్డింగు గీత వెంబడే, తిన్నగా. హాల్లోకి పొగ. పొగైతే కళ్లు మండి తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు వాసనుండదు, రంగుండదు. తలుపులు బిగించుకుని పడుకున్న గదిలో అది ఎవరినీ లేపదు. ఆ రాత్రి అతిథుల పిల్ల తలనొప్పి అంటే మా చెల్లెలు కిటికీలు తీసి, మంట ఆర్పి, తెల్లారేదాకా కూర్చుంది. తర్వాత ఆ పొయ్యి మళ్లీ వెలిగించలేదు.

కార్డు మీద పొయ్యి ఒంటికి 5 ఏళ్ల వారంటీ ఉంది. అద్దం, తలుపు చుట్టూ ఉండే తాడు, ఇటుకలు, కట్టెల కింది జల్లెడ, బాఫిల్ పలక అరిగిపోయే సామాను, వాటికి లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. సరే, ఒప్పుకుందాం. విచ్చుకున్నది పొయ్యి ఒంటికున్న అతుకే. తప్పించుకోవడానికి దారి లేదు. అప్పుడు వాళ్లేం చేశారు? మనిషి వచ్చాడు, ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుపోయాడు. జవాబొచ్చింది: 'తడి కట్టె వాడారు, అతిగా మండించారు, వారంటీ వర్తించదు.'

మా చెల్లెలు ఫోను చేసి అడిగింది: "అన్నయ్యా, కట్టె తడిదని వాళ్లకెవరు సెప్పేరు? వచ్చినోడు మన కట్టెల కొట్టం వేపు తిరిగి సూడనేలేదు!"

ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఉద్యోగమంతా బళ్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. ఈ సభలో నా దగ్గర చదువుకున్నవాళ్లున్నారు. మీరే చెప్పండి: ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే ఎన్ని కేలరీలు? 540. తడి కట్టె వేస్తే మంట వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. పొయ్యి వేడెక్కదు. అద్దం నల్లబడుతుంది, చిమ్నీలో తారులాంటి మసి పేరుకుంటుంది. అతిగా మండిస్తే ఇనుము ఎర్రబడుతుంది. చల్లటి మంటా మీరే పెట్టారు, ఎర్రగా కాల్చిందీ మీరే అంటే, ఒకే పొయ్యిలో ఆ రెండూ ఎలా కుదురుతాయి? బళ్లో పిల్లవాడు ఇలా రాస్తే సున్నా వేసి పంపేవాణ్ని.

ఇంకా వినండి. అతిగా మండితే ముందు దెబ్బతినేది మంటకు ఎదురుగా ఉన్న బాఫిల్ పలక. అది వంగాలి. జల్లెడ కుంగాలి. నేనే వెళ్లి స్కేలు ఆనించి చూశాను, రెండూ తిన్నగా ఉన్నాయి. చిమ్నీ దులిపితే పొడి బూడిదలాంటి మసే రాలింది, తారు లేదు. కట్టెలు కాఫీ తోటల్లో కొట్టిన సిల్వర్ ఓక్, రెండు ఎండాకాలాలు కొట్టంలో ఆరినవి. మరి అతుకెందుకు విచ్చుకుంది? ఇనుము వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. వెల్డింగు లోపలిదాకా దిగకుండా పైపైన పూస్తే ఆ లాగుడుకు అదే ముందు తెగుతుంది. అలా తెగితే ఆ తప్పు తయారుచేసిన చోటిదే. కట్టెల కొట్టంలో వెతికితే ఏం దొరుకుతుంది?

మన బజార్లో వెల్డరు చూసి, సాయంత్రానికి అతికిచ్చేస్తానన్నాడు. మంచివాడు. వద్దన్నాను. అతికిస్తే సాక్ష్యం పోతుంది. వద్దని చెప్పడం నాకు తేలిక. చలికాలమంతా హాలు చల్లగా పెట్టుకుని, వచ్చిన బుకింగులు వదులుకున్నది ఆవిడ. అమ్మా, నువ్వు ఈ సభలోనే ఉన్నావు. పదిమంది ముందూ చెబుతున్నాను, ఆ నష్టం కూడా ఫిర్యాదులో రాశాం.

ఇప్పుడు చట్టం. సరిహద్దులో ఉన్న మనకు ఇదే ముఖ్యం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ కొరాపుట్ మద్రాసు నుంచి అటు వెళ్లింది. పాలన మారింది గానీ మన కొనుగోళ్లు మారలేదు. పెళ్లి బట్టలకు విజయనగరం, యంత్రాలకు విశాఖ. బిల్లు అక్కడిది, బతుకు ఇక్కడిది. పాత చట్టంలో అమ్మినవాడు వ్యాపారం చేసే చోటికో, వ్యవహారం నడిచిన చోటికో పోవాలి. ఘాటీ దిగి వాయిదాలకు తిరగలేక ఎంతమంది వదిలేశారో మీ ఇళ్లలోనే అడగండి. మిక్సీలు, ఫ్రిజ్‌లు, పంపుసెట్లు, అన్నీ వదిలేశాం. 2019 చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్నది, 34వ సెక్షన్లో చెప్పింది: కొన్నవాడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. విశాఖ షాపువాడు మన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు జవాబు చెప్పాలి. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్లండి. మళ్లీ చెబుతున్నాను, మన జిల్లాలోనే.

5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు 2 సంవత్సరాలు, దాటనివ్వకండి. పరీక్ష అవసరమైతే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి, మేమూ చేశాం. కంపెనీ అదే తడి కట్టె మాట తిప్పి పంపింది. దాంతో ఆ మాట రాతపూర్వకంగా మా చేతికొచ్చింది, మేలే జరిగింది.

షాపువాళ్లు కొత్తగా ఇంకో వాదన తెచ్చారు. ఆవిడ గదులు అద్దెకిస్తోంది కాబట్టి వ్యాపారస్తురాలు, వినియోగదారు కాదట. చట్టంలో వివరణ ఉంది: స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొంటే ఆ మినహాయింపు వర్తించదు. తన చేత్తో పక్కలు వేసుకునే మనిషిని హోటల్ యజమాని అంటారా? ఇక బిగింపు సరిగా లేదన్న మాట కూడా ఎత్తారు. బిల్లు చూపించాం. బిగించింది వాళ్ల మనిషే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఒక్క అభ్యర్థన. మాలాంటి పెద్దవాళ్లకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. ఇక్కడి బళ్లలో చదివిన మన పిల్లలు చక్కగా రాస్తారు. ఫిర్యాదులు రాసిపెట్టడానికి ఇద్దరు ముగ్గురు ముందుకు రండి, మీ పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. మిగతావాళ్లు వచ్చే ఆదివారం పొద్దున బిల్లులు, వారంటీ కార్డులు, కంపెనీవాళ్లు పంపిన మెసేజీలు పట్టుకుని మా ఇంటికి రండి. పాడైన వస్తువును మాత్రం అప్పటిదాకా ఎవరిచేతా విప్పించకండి.