వయసు అడగకండి, నడక చూడండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. పెద్దలు మన్నించాలి, నాకిచ్చింది పావుగంటే. ఈరోజు ఏప్రిల్ 11, కాళ్లూ చేతులూ వణికి, కదలిక మందగించే పార్కిన్సన్స్ జబ్బుకు పేరైన డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ పుట్టినరోజు. 1817లో ఆయన ఈ జబ్బు మీద రాసిన వ్యాసంతో మొదలుపెట్టాలనుకున్నాను గానీ, మా అక్క సంగతి చెప్పకుండా ఉండలేను.

మాది పరకాల దగ్గర ఊరు. అక్కకు ముప్పై నాలుగేళ్లప్పుడు పత్తి చేనులో నడుస్తుంటే ఎడమ పాదం వేళ్లు ముడుచుకుపోయేవి. పొద్దున లేవగానే బాగానే ఉండేది, మధ్యాహ్నానికి కాలు ఈడ్చేది. పని తప్పించుకునే వేషాలన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఎముకల డాక్టరు పాదానికి కట్టు వేశాడు. ఆఖరికి ఒక పెద్ద డాక్టరు నవ్వి, ‘ఈ వయసులో పార్కిన్సన్స్ ఏమిటమ్మా, అది ముసలివాళ్లకు కదా’ అని బలం మాత్రలు రాశాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అసలు మందు పడేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

ఎక్కువ మందికి ఇది అరవై దరిదాపుల్లో మొదలయ్యే మాట నిజమే. కానీ యాభై లోపు వచ్చేవాళ్లున్నారు, అరుదుగా ఇరవై లోపు కూడా. ఎంత చిన్న వయసులో వస్తే జన్యువు ప్రమేయం ఉండే అవకాశం అంత ఎక్కువ. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు పార్కిన్ జన్యువును పట్టుకున్నది చిన్న వయసులోనే జబ్బు పడినవాళ్లలో. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో పాడైనవాటిని ఏరివేయడానికి అది కావాలి. ఆ జన్యువు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తుంది, రెండూ చెడితే జబ్బు. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ఇంకో జన్యువు తీరు వేరు. ఒక్క ప్రతి చెడినా చాలు, కానీ సాధారణంగా పెద్ద వయసులోనే బయటపడుతుంది, కొందరికి అసలు రాదు.

అక్కకు పరీక్షలో తేలింది పార్కినే. వెంటనే ‘పుట్టింటి రోగం’ అన్నారు. అనండి! మా అమ్మానాన్నలది మేనరికం. మా బావ మేనత్త కొడుకు. ఆ పుట్టిల్లూ ఈ అత్తిల్లూ ఒకే తాత సంతానం, ఎవరిని తిడతారు? అక్క పిల్లలకు చెడిన ప్రతి ఒకటి ఎలాగూ వస్తుంది. బావ నుంచి రెండోది వచ్చిందా అన్నదే ప్రశ్న. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది పెద్దయ్యాక వాళ్ల ఇష్టం. మేనరికం కుదుర్చుకునేవాళ్లు మాత్రం ముందుగా జన్యు సలహా తీసుకోండి. అలాగని ఈ జబ్బున్న ప్రతి ఇంటి సంబంధాన్నీ వెనక్కి పంపకండి. చాలామందికి ఫలానా ఒక్క జన్యువే కారణమని చూపలేం.

డాక్టర్లూ, మీరు నలుగురైనా వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. కాలు ఈడ్చే ముప్పై ఏళ్ల మనిషి వస్తే వయసు చూసి పంపేయకండి, నడిపించి చూడండి.

నిర్వాహకులు సైగ చేస్తున్నారు, భోజనాలు సిద్ధమైనట్టున్నాయి. తినేముందు ఒక్క మాట. దూలగొండి గింజల్లో ఈ జబ్బుకిచ్చే మందు లెవోడోపా ఉన్నది నిజమే కానీ, ఎంత ఉందో తెలియకుండా పొడి కొట్టుకుని మింగకండి. లెవోడోపా మాత్ర వేసుకునేవాళ్లు వడ్డనకు అరగంట ముందే వేసుకోండి, పప్పు, గుడ్డు దానికి అడ్డుపడతాయి. ఖాళీ కడుపున పడకపోతే మీ డాక్టరును అడిగి వేళ మార్చుకోండి.