చుక్క కాలివేళ్ళ మధ్య

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం కుక్కల శిక్షణ, ఇంటి సంరక్షణ, పరాన్నజీవుల నివారణ. మూడూ వరసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను. కానీ ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన తన కుక్క చేత నాకు షేక్ హ్యాండ్ ఇప్పించారు. ముద్దుగా కాలెత్తి ఇచ్చింది. ఆ కాలు పట్టుకుని వేళ్ళు విడదీయబోతే మాత్రం గుర్రుమని లాక్కుంది. మా చుక్క కూడా అంతే. ఇక ఆ కాగితం చూసి మాట్లాడటం నా వల్ల కాదు.

నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది, అందుకే చుక్క. కూర్చోమంటే కూర్చునేది. ఆగమంటే తలుపు బార్లా తెరిచి ఉన్నా గడప దాటేది కాదు. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు ఎంత గర్వమో! చెవి మాత్రం చూడనిచ్చేది కాదు, కాలివేళ్ళు ముట్టుకోనిచ్చేది కాదు. దానికి ఇష్టం లేదులే అని ఊరుకున్నాను. ఆరేళ్ళు ఊరుకున్నాను.

ఒకరోజు తిండి మానేసింది, ఒళ్ళు కాలిపోతోంది. తీసుకెళ్ళిన చోట జ్వరానికి సూది వేసి పంపేశారు. రక్తపరీక్ష చేయమని అడగాలని నాకు తెలియదు. వాళ్ళూ చేయలేదు. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం కారింది. ఇంకో డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన చిగుళ్ళు చూశారు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తర్వాత ముందుకాలి వేళ్ళు విడదీశారు. అప్పుడు చుక్క గుర్రుమనలేదు. అంత ఓపిక లేదు దానికి. వేళ్ళ మధ్య చర్మానికి అతుక్కుని, రక్తం తాగి ఉబ్బిన రెండు పిడుదులు ఉన్నాయి.

ఎర్లికియా అన్నారు. పిడుదు కాటుతో వచ్చే జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు 28 రోజులు వాడతారు. మా చుక్క మూడు రోజులే ఉంది. కుట్టాక జ్వరం బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుందట. అంటే ఆ జబ్బు అంటించిన పిడుదు ఎప్పుడో కడుపు నింపుకుని రాలిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్కసారైనా నా వేలు అక్కడికి వెళ్ళి ఉంటే...

అందరూ ఒకసారి ఎడమ చెయ్యి చాపండి. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా. వేళ్ళు విప్పి, రెండు వేళ్ళ మధ్య పల్చటి చర్మాన్ని పట్టి చూడండి. పిడుదుకు అలాంటి చోటే కావాలి. వేళ్ళ సందులు, చెవుల లోపల, చంకలు, తోక కింద, మెడపట్టీ కింద. ఈ చోట్లన్నీ రోజూ తడమనివ్వడమే కుక్కకు మనం నేర్పాల్సిన మొదటి పాఠం. షేక్ హ్యాండ్ తర్వాత నేర్పుకోవచ్చు.

నేర్పడం కష్టం కాదు. పాదాన్ని ఒక్క క్షణం తాకండి, వెంటనే దానికి ఇష్టమైన ముక్క పెట్టండి. వెంటనే అంటే ఒకటి రెండు సెకన్లలోపే. ఆలస్యమైతే ఆ ముక్క ఎందుకు దొరికిందో దానికి అర్థం కాదు. పాదం లాక్కుంటే పట్టి ఉంచకండి, అరవకండి, మరుసటి రోజు ఇంకా తేలిగ్గా మొదలుపెట్టండి. తాకడం అయ్యాక పట్టుకోవడం, తర్వాత ఒక వేలు విడదీయడం. మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల వయసులో అలవాటైంది బాగా నిలుస్తుంది. పెద్ద కుక్క కూడా నేర్చుకుంటుంది, కొంచెం ఎక్కువ రోజులు పడుతుందంతే.

పిడుదు కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. వేళ్ళతో నలపొద్దు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం, ఫినాయిల్‌తో కడగడం దయచేసి మానండి. అందరూ చెప్పే ఈ చిట్కాలతో చర్మం కాలుతుంది, ఫినాయిల్ నాకితే విషం.

ఇక ఇల్లు. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే బతకగలదు. రక్తం తాగిన ఆడ పిడుదు రాలిపోయి గోడ పగుళ్ళలోనో పరుపు అంచులోనో వేల గుడ్లు పెడుతుంది. గెంతే పురుగులు, అదే ఫ్లీలు, ఇంకా మొండివి. కుక్క మీద కనిపించేవి మొత్తంలో 5 శాతమే. మిగతావి గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్ళలో దాగి పరుపుల్లో, తివాచీల్లో ఉంటాయి. అందుకే కుక్కకు మందు వేసి పరుపు ఉతక్కపోతే పని సగమే అయినట్టు. ఒంటిని నాకేటప్పుడు ఫ్లీని మింగితే బద్దె పురుగు కూడా వస్తుంది. మలం చుట్టూ బియ్యపుగింజల్లాంటివి కదులుతుంటే అదే.

నట్టల మందు గురించి త్వరగా చెప్పేస్తాను. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు అంటుకుంటాయి, కాబట్టి రెండు వారాల వయసు నుంచే మందు మొదలవ్వాలి. పెద్ద కుక్కకు మామూలుగా మూడు నెలలకోసారి. మలం ఏ రోజుది ఆ రోజు తీసేయండి. అందులోని ఏలికపాము గుడ్లు మట్టిలో కొన్ని వారాలు ముదిరాకే అంటుకునేలా తయారవుతాయి. అదే మట్టిలో పిల్లలు ఆడతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు.

పిడుదుల మందు డాక్టర్‌ను అడిగి, బరువు తూయించి ఎంచుకోండి. నమిలే మాత్రల్లో కొన్ని నెలకు సరిపోతాయి, కొన్ని 12 వారాలకు. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న, ఒంటి మీద వేసే చుక్కల మందు తేవొద్దు, అది పిల్లి ప్రాణం తీస్తుంది. మందు వాడుతున్నాం కదా అని తడమడం మాత్రం ఆపకండి.

సమయం మించిపోయిందని సైగ చేస్తున్నారు. కుక్కల్ని వెంట తెచ్చినవాళ్ళు వెళ్ళిపోకండి, ఇక్కడే నేల మీద కూర్చోండి. నా సంచిలో పట్టకారు ఉంది. గుమ్మం దగ్గర షేక్ హ్యాండ్ ఇప్పించిన అన్నయ్యా, ముందు మీరే రండి. ఎడమ ముందుకాలితో మొదలుపెడదాం.