కర్నూలు థియేటర్‌కు ఫిలిం చాంబర్‌తో పనేంటి?

[విజువల్: కర్నూలులో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్, మ్యాట్నీకి ముందు టికెట్ కౌంటర్]

కొత్త సినిమా పడిన రోజు మన ఊళ్లో కటౌట్లు, పాలాభిషేకాలు అందరికీ కనిపిస్తాయి. ఆ టికెట్ డబ్బులో థియేటర్ ఓనర్‌కు ఎంత, సినిమా కొన్న బయ్యర్‌కు ఎంత అన్నది మాత్రం లోపలి ఆఫీసు గదిలో తేలాలి. అక్కడ తేలని పంచాయితీ ఫిలిం చాంబర్ దాకా వెళ్తుంది.

చాంబర్ అంటే ప్రభుత్వ ఆఫీసు కాదు, సెన్సార్ బోర్డూ కాదు. నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు, థియేటర్ల వాళ్లు, స్టూడియోల వాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం.

[విజువల్: పాత మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాప్‌లో కర్నూలు, కడప, అనంతపురం]

1930ల చివర్లో మద్రాసులో దక్షిణ భారత ఫిలిం చాంబర్ మొదలైంది. అప్పట్లో మన జిల్లాలూ ఆ ప్రెసిడెన్సీలోవే. 1939లో వినోదపు పన్ను చట్టం వచ్చింది. ఆ వెంటనే రెండో ప్రపంచ యుద్ధం. ముడి ఫిలిం దొరకక, సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. నిర్మాతలు ఎవరికి వారు వెళ్లి అడిగితే వినే రోజులా అవి? అందుకే అందరి తరఫునా మాట్లాడే సంఘం గట్టిపడింది. కడప జిల్లా నుంచి వెళ్లి విజయా సంస్థను నిలబెట్టిన బి.నాగిరెడ్డి గారు ఆ చాంబర్‌కు అధ్యక్షుడిగానూ పనిచేశారు. సీమ పిల్లలందరికీ ఈ సంగతి తెలియాలి.

ఇప్పుడు హైదరాబాద్‌లో తెలుగు ఫిలిం చాంబర్ ఉంది. ఒకే టైటిల్ కోసం ఇద్దరు కొట్టుకోకుండా రిజిస్టర్ చేస్తుంది. పన్నులు, టికెట్ రేట్ల మీద ప్రభుత్వాలతో మాట్లాడుతుంది.

[విజువల్: ఆదోనిలో ఒక థియేటర్, పక్కనే వారం కలెక్షన్ల షీట్]

అసలు తలనొప్పి అద్దె, పర్సంటేజీ దగ్గరే. అద్దె పద్ధతిలో హౌస్‌ఫుల్ అయినా ఓనర్‌కు వచ్చేది బయ్యర్ కట్టిన అద్దే. పర్సంటేజీ అయితే కలెక్షన్లో వాటా. పెద్ద సినిమాకు జనం ఎగబడే మొదటి వారం అద్దె ఇచ్చి, జనం పలచబడ్డాక పర్సంటేజీ అంటున్నారని థియేటర్ల వాళ్ల బాధ. కరెంటు బిల్లు, జీతాలు మాత్రం వారం చూసి తగ్గవు కదా! ఈ విషయంలో నేను వాళ్ల వైపే.

ఈ గొడవ 2025 జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామనే దాకా వెళ్లింది. చాంబర్ అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాక ఆ బంద్ ఆగింది. సినిమా ట్రేడ్‌లో మన రాయలసీమను ఇప్పటికీ సీడెడ్ ఏరియా అంటారు. చాంబర్‌లో ఈ లెక్కలు తేల్చేటప్పుడు హైదరాబాద్ మల్టీప్లెక్సుల షీట్లతో పాటు ఆదోని, ప్రొద్దుటూరు, గుంతకల్లు షీట్లు కూడా ఆ టేబుల్ మీద ఉండాలని మన ఓనర్లు గట్టిగా అడగాలి.