పెనాంగ్‌లో డ్యూటీ దిగాక: తిండికి ఎన్ని మార్కులు, పబ్బులకు ఎన్ని?

నమస్తే అండి. ఆఫీసు పని మీద రెండు మూడు నెలలకి మలేషియాలోని పెనాంగ్ వెళ్తున్నవాళ్లు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు. "అన్నా, సాయంత్రాలు బోర్ కొడుతుందా? నైట్‌లైఫ్ ఉందా?" అని. నా మార్కులు ముందే చెప్పేస్తాను. పబ్బులు, డాన్స్ ఫ్లోర్ల కోసం అయితే పెనాంగ్‌కి పదికి నాలుగు. తింటూ తిరుగుతూ రాత్రి గడపడానికైతే పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఉక్కపోతకి కోశాను. రాత్రి పదింటికి కూడా చొక్కా వీపుకి అంటుకునే ఉంటుంది.

టూరిస్టు వీడియోలు మనకు పెద్దగా పనికిరావండి. వాళ్లు మిట్టమధ్యాహ్నం క్యూ కట్టి చెండోల్ (కొబ్బరిపాలతో చేసే చల్లటి తీపి డ్రింక్) తాగుతారు. మనం ఆఫీసు నుంచి బయటపడేసరికే ఆరున్నర. అందుకని సాయంత్రం ఏడు దాటాక దొరికేవాటి గురించే చెప్తాను.

కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలు, వాటి ఆఫీసులు ఎక్కువగా పెనాంగ్ దీవికి దక్షిణాన బయాన్ లెపాస్‌లో ఉంటాయి. 1972లో ఇంటెల్ అక్కడ ప్లాంటు పెట్టింది, తర్వాత మిగతావాళ్లు వరస కట్టారు. తిండికి పేరున్న జార్జ్ టౌన్ మాత్రం ఈశాన్యం కొసన, అక్కడికి 15 కిలోమీటర్లకు అటూ ఇటూ. కంపెనీ వాళ్లు బస ఎక్కడ కావాలి అని అడిగితే మారు మాట్లాడకుండా జార్జ్ టౌన్ అనండి. ఆఫీసు పక్కన హోటల్ తీసుకుంటే పొద్దున అరగంట నిద్ర మిగులుతుంది, సాయంత్రం మొత్తం పోతుంది. పొద్దున్నే ట్రాఫిక్‌లో కూర్చోవడానికి ఓపిక ఉంటుంది గానీ, పని చేసి అలసిపోయాక మళ్లీ ఊరి ఆ చివరికి వెళ్లాలంటే ఎవరికీ కాళ్లు రావు.

అక్కడి కాఫీ షాపు సంగతి తెలుసుకోకపోతే మొదటి రోజు అయోమయంగా ఉంటుంది. షాపు ఓనరు అమ్మేది డ్రింక్స్ మాత్రమే. లోపల, ముందువైపు ఐదారు బండ్లు అద్దెకు ఉంటాయి. ఒక్కో బండిది ఒక్కో వంట. మీరు ఖాళీ టేబుల్ చూసుకుని, దాని మీద నంబరు గుర్తు పెట్టుకుని, బండి దగ్గరికి వెళ్లి ఏం కావాలో, మీ నంబరెంతో చెప్పి వచ్చేయాలి. ప్లేటు వచ్చినప్పుడే డబ్బులు ఇవ్వాలి. చిల్లర ఉంచుకోండి. డ్రింక్ తీసుకోకపోతే కొన్ని చోట్ల మనిషికి 50 సెన్‌లు, అంటే అర రింగిట్ (రింగిట్ అక్కడి కరెన్సీ) కట్టమంటారు, గోడ మీద రాసే ఉంటుంది. డ్రింక్స్ ఇచ్చే ముసలావిడ వచ్చి నిలబడగానే ఒక కాఫీయో, జాజికాయ జ్యూసో చెప్పేయండి. అవునండి, జాజికాయ పండుతోనే జ్యూస్ చేస్తారు అక్కడ. నాకు నచ్చింది, నాతో వచ్చిన ఇద్దరికీ దగ్గు మందులా ఉందట.

ఇక చార్ క్వే తియావ్. బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి నూడుల్స్. కొన్ని బండ్లు ఇప్పటికీ బొగ్గుల మీదే చేస్తాయి. క్యూలో నిలబడ్డంతసేపూ చూడండి, బోర్ కొట్టదు. కళాయి పొగలు కక్కుతుంటుంది. వెల్లుల్లి, రొయ్యలు, తర్వాత నూడుల్స్, సోయా సాస్, మిరపకాయ ముద్ద. అన్నీ ఒక పక్కకి తోసి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడగానే నూడుల్స్‌ని దాని మీదకి తిప్పేస్తారు. చివర్లో మొలకలు, చైనా ఉల్లికాడలు, గుల్లల మాంసం. క్యూ ఎంత ఉన్నా ఒకటి రెండు ప్లేట్లకు మించి ఒకేసారి వేయరు, ఎక్కువ వేస్తే కళాయి చల్లబడి ఆ మాడువాసన రాదు. రుచంతా ఆ మాడువాసనలోనే ఉంది. ఒక హెచ్చరిక. చైనీస్ బండ్లలో చాలావరకు పంది కొవ్వు వేస్తారు, కొన్నిటిలో పంది సాసేజ్ కూడా. వద్దనుకునేవాళ్లు ముందే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

అస్సాం లాక్సా అనే పుల్లటి చేపచారు నూడుల్స్ గురించి మనవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోతారు. నేను మెచ్చుకునే వర్గం. కానాగడతల్లాంటి చేపలు ఉడికించి, ముళ్లు తీసి చిదిమి, చింతపండుతో పుల్లగా మరిగించిన చారు. చేపల పులుసుతో పెరిగిన నాలుకకు మొదటి చెంచా పరిచయం ఉన్నట్టే ఉంటుంది. రెండో చెంచాకి పుదీనా, అనాసపండు ముక్కలు, అల్లం జాతి పువ్వు తగులుతాయి. ఆ తర్వాత పక్కన చెంచాలో ఇచ్చిన నల్లటి రొయ్యల ముద్ద. దాన్ని ఒకేసారి కలపకండి, వాసన గట్టిగా ఉంటుంది. కొంచెం కొంచెంగా కలుపుకుంటూ రండి. నేను తిన్న చోట గిన్నె 7 రింగిట్లు. రింగిట్‌కి 20 రూపాయలకు కాస్త పైనే లెక్కేసుకోండి.

ఒక రూల్ గురించి చెప్పాలి. పేరున్న లోకల్ వంటలను బండ్ల మీద విదేశీ పనివాళ్లు వండకూడదని పెనాంగ్ రాష్ట్ర ప్రభుత్వం 2016 నుంచి అమలు చేస్తోంది. గిన్నెలు కడగొచ్చు, ప్లేట్లు మోయొచ్చు, గరిటె మాత్రం పట్టకూడదు. పరాయి దేశానికి పనికెళ్లినవాడిగా నాకు కాస్త చివుక్కుమంది. రుచి నిలబడటం గరిటె పట్టిన చేతి వల్ల గానీ పాస్‌పోర్ట్ వల్ల కాదు కదా. అక్కడివాళ్లని అడిగితే చాలామంది ఈ రూల్‌ని సమర్థించారు.

సరే, పబ్బులు. లవ్ లేన్, చూలియా స్ట్రీట్ చుట్టూ బార్లు ఉన్నాయి. బ్యాక్‌ప్యాక్‌లతో తిరిగే కుర్రాళ్లు, పెద్ద సౌండు, ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ స్టూళ్లు. మలేషియాలో మద్యం మీద పన్ను బాగా ఎక్కువ. రెండు బీర్ల ఖర్చుతో కడుపునిండా రెండు పూటలు తినొచ్చు. ఒకసారి చూసి రండి, అంతే. వారాంతంలో నేను వెళ్లమనేది లీత్ స్ట్రీట్‌లోని రెడ్ గార్డెన్‌కి. ఆరుబయట ఫుడ్ కోర్టు, ముందు స్టేజీ. తిండి ఓ మాదిరిగా ఉంటుంది, రేట్లు కాఫీ షాపు కన్నా ఎక్కువ. అయినా నేను మళ్లీ మళ్లీ వెళ్లింది జనం కోసం. స్టేజీ మీద మెరుపుల గౌను వేసుకున్నావిడ పాత చైనీస్ పాటలు పాడుతుంటే, అరవై దాటిన జంటలు హవాయి చెప్పులతోనే లేచి, స్టెప్పు తప్పకుండా డాన్స్ చేస్తారు. పక్క టేబుల్ తాతగారు డాన్స్ మధ్యలో వచ్చి ఒక గుక్క బీరు తాగి మళ్లీ వెళ్లిపోయాడు.

సముద్రం ఒడ్డున సీఫుడ్ హోటళ్ల దగ్గర జాగ్రత్త. ఒక చోట పీత ధర అడిగితే "ఈ రోజు రేటు" అన్నారు గానీ ఎంతో చెప్పలేదు. లేచి వచ్చేశాం. తూకం, కిలో ధర రెండూ చెప్పించుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.

పదకొండు దాటాక ఆకలేస్తే నాసి కందార్. పూర్వం తమిళ ముస్లిం వ్యాపారులు కావడికి అన్నం, కూరలు కట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేవారు, ఇప్పుడు అవే పెద్ద హోటళ్లయ్యాయి. క్యాంప్‌బెల్ స్ట్రీట్‌లోని హమీదియా 1907 నుంచి ఉంది. రాత్రిపూట నా ఓటు మాత్రం పెనాంగ్ రోడ్డు పక్క సందులో ఉన్న లైన్ క్లియర్‌కే. అన్నం పెట్టించుకుని, వేయించిన కోడి, బెండకాయలు, ఉప్పు గుడ్డు ఏది కావాలో చూపించి "బంజిర్" అనండి. అంతే, ఆయన నాలుగైదు గిన్నెల్లోంచి వరసగా గరిటెలు ముంచి పులుసులన్నీ అన్నం మునిగేలా పోసేస్తాడు. కోడి పులుసు, చేప పులుసు, పప్పు అన్నీ కలిసిపోతాయి. విడివిడిగా తినే అలవాటున్న మా ఫ్రెండ్ మొహం ముడిచాడు గానీ ప్లేటు ఖాళీ చేశాడు. బీఫ్ తిననివాళ్లు పులుసు పోయకముందే చెప్పాలి, పోశాక చెప్పి లాభం లేదు. కొంచెం తమిళం వస్తే పని ఇంకా సులువు, "అన్నే" అని పిలిస్తే ముక్క పెద్దది పడే అవకాశం ఉంది.

శాకాహారుల కోసం విడిగా చెప్తున్నా. లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి. వాటితో పాటు చైనీస్ బౌద్ధుల శాకాహార హోటళ్లు కూడా చూడండి. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. కార్తీక మాసంలో డెప్యుటేషన్ పడినా మీకు టెన్షన్ లేదు. చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది చైనీయులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రెండు రోజులూ ఈ హోటళ్లు కిటకిటలాడతాయి. కాస్త ముందే వెళ్లండి. ఇక పదకొండు దాటాక బస్సు మీద ఆశ పెట్టుకోకండి, క్యాబ్ బుక్ చేసుకునే గ్రాబ్ యాప్ ముందే పెట్టుకుని ఉంచండి. బండ్లవాళ్ల సెలవు రోజులు మాత్రం ఏ మ్యాపులోనూ సరిగ్గా ఉండవు. పక్క బండివాళ్లని అడిగితే ఎప్పుడొస్తారో చెప్తారు.