సైకియాట్రీ వార్డుకు వెళ్తే చేతిపని మరిచిపోతామా?

ప్రిన్సిపాల్ మేడమ్‌కి, వేదిక మీది పెద్దలకి నమస్కారం. దీపం వెలిగించాం, ప్రతిజ్ఞ చెప్పుకున్నాం. మే 12, నర్సుల దినోత్సవం కాబట్టి సేవ గురించి మాట్లాడమన్నారు. దానికి బదులు, ఫైనలియర్ పిల్లలు నన్ను మెట్ల దగ్గర ఆపి అడిగినదానికి జవాబు చెప్తాను.

"కోర్సు కాగానే మెంటల్ హెల్త్‌కి వెళ్లొచ్చా? ముందు రెండేళ్లు మెడికల్, సర్జికల్ చేయాలా? వెళ్తే ఐవీ పెట్టడం కూడా మరిచిపోతామంటున్నారు."

వెళ్లొచ్చు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మెంటల్ హెల్త్ నర్సు అంటే ఎవరో చెప్పినచోట జనరల్ నర్సింగ్ డిప్లొమా, డిగ్రీ ఉన్నవాళ్లనూ కలిపింది. బ్రిటన్‌లో ఇది నర్సుల రిజిస్టర్‌లోనే విడి విభాగం. మనకు అలా లేదు. ఏడాది చేశాక ఐసీయూకి మారాలనుకున్నా మీ రిజిస్ట్రేషన్ అడ్డు రాదు.

ఇక చేతిపని సంగతి. ఎండలు చూస్తున్నారుగా, బైపోలార్ అనే మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం మందుతోనే చెప్తాను. బైపోలార్ ఉన్న మనిషి, పొలం పనికి వెళ్తాడు. జనవరిలో రక్తంలో లిథియం 0.8 ఉంది, బాగున్నాడు. మేలో అవే మాత్రలు, అదే డోసు. కానీ చెమటతో నీరు, ఉప్పు పోయాయి. ఒంట్లో సోడియం తగ్గితే కిడ్నీ దాన్ని పట్టి ఉంచాలని చూస్తుంది, దాంతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచుతుంది. పైగా మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కున్నాడు, అదీ లిథియాన్ని పెంచుతుంది. బీపీ ఉందని ఇంట్లో చప్పిడి తిండి మొదలుపెట్టారు, అదీ పెంచుతుంది. లెవెల్ 1.5 దాటింది, అంటే మందే విషమైంది.

ఓపీకి తూలుతూ వస్తాడు. మాట ముద్దగా ఉంటుంది, వాంతులు, విరేచనాలు. ఇంటివాళ్లు "జబ్బు తిరగబెట్టింది సిస్టర్" అంటారు. పక్కవాళ్లు తాగొచ్చాడంటారు. మీరు చేతులు చాపమని చూడండి. లిథియం వాడేవాళ్లకి సన్నని వణుకు మామూలే. చేతులు మోటుగా, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేలా కొట్టుకుంటుంటే అది వేరు. తర్వాతి డోసు ఆపి, వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఆఖరి మాత్ర ఎన్నింటికి? మూత్రం ఎన్నిసార్లు? కొత్త మాత్రలేమైనా? ఉప్పు తగ్గించారా? మామూలు పరీక్షకైతే ఆఖరి డోసు తర్వాత 12 గంటలకి రక్తం తీస్తాం. లిథియం విషమైందన్న అనుమానముంటే ఆగకూడదు, తీసిన టైము రాయాలి, అంతే.

ట్యూబు విషయం గట్టిగా చెప్తాను. ఆకుపచ్చ మూత ట్యూబులో లిథియం హెపారిన్ ఉండొచ్చు. అందులో తీస్తే ట్యూబులోని లిథియమే కలిసి లెవెల్ లేనంత ఎక్కువ చూపిస్తుంది. సీరం ట్యూబు వాడాలి. తర్వాత ఈసీజీ, సెలైన్, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు, ఒక్కోసారి డయాలసిస్. ఇందులో చేతిపని కానిది ఏది, చెప్పండి?

తాగుడు మానేసినవాళ్లూ అంతే. మానిన రెండు మూడు రోజులకి వణుకు, జ్వరం, గోడ మీద పురుగులు కనపడటం. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే విటమిన్ బి1 పడాలి, లేదంటే మెదడు దెబ్బతింటుంది. మానసిక రోగి ఒంటి బాధ చెప్తే "వాడలాగే అంటాడులే" అని వదిలేయడం ఈ వార్డుల్లో జరిగే అతి పెద్ద తప్పు. దాన్ని ఆపగలిగింది పక్కనే ఉండే నర్సు.

మేడమ్, అందరి ముందూ అడుగుతున్నాను. సైకియాట్రీ పోస్టింగ్‌లో పిల్లలు గోడవారగా కూర్చుని పాత కేస్ స్టడీలు చూసి రాసుకుంటున్నారు. ఒక్కొక్కరికి ఒక్క పేషెంటునైనా అప్పగించండి, పొద్దుట పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి రాత్రి మాత్ర మింగేదాకా. నోరు తెరిపించి నాలుక కింద చూడటం, మాత్ర దాచాడేమోనని, కాగితం మీద రాదు.

పని తేలికని మాత్రం ఎవరూ వెళ్లొద్దు. చేరేముందు వార్డు చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎందరు సిస్టర్లు, బ్రదర్లు? ఉద్రిక్తంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో నేర్పుతారా? అతనికి రెండు చేతుల దూరంలో, తలుపు మీ వెనక ఉండేలా నిలబడాలి. స్టెత్ మెడలో కాదు, జేబులో. పేషెంటుని కట్టాల్సి వస్తే ఎవరి అనుమతితో, ఎంతసేపు కట్టారో రిజిస్టర్‌లో ఉందా? గొలుసులతో బంధించడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. రిజిస్టర్ చూపించమంటే తడబడే చోట మొదటి ఉద్యోగం వద్దు, తప్పుడు అలవాట్లు అంటుకుంటాయి. మంచి వార్డు దొరక్కపోతే ఏడాది మెడిసిన్‌లో చేసి రండి.

"పిచ్చాసుపత్రి ఉద్యోగమా, సంబంధాలు రావు" అంటారు ఇంట్లో. అమ్మానాన్నల్ని ఒక్కసారి వార్డుకి తీసుకురండి, చూడనివ్వండి.

బల్ల మీద నాలుగు రంగుల మూతల ట్యూబులు పెట్టించాను. భోజనానికి వెళ్లేముందు ఒక్కొక్కరే వచ్చి, లిథియంకి ఏది వాడకూడదో తీసి నా చేతికివ్వండి.