లింకు పంపితే ఫొటో పంపినట్టు కాదు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో సర్దుకుని కూర్చున్న పిల్లలకు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకని నాకిచ్చిన అంశం ‘డిజిటల్ యుగంలో గ్రంథాలయం’. దాని దగ్గరకు వస్తాను. ముందు, చాలాకాలంగా కడుపులో ఉన్న మాటొకటి చెప్పుకోనివ్వండి.

మన కర్నూల్లో 2009 అక్టోబర్ 2 గుర్తులేనివాళ్లంటే ఈ హాల్లో చిన్నపిల్లలే. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ. పాతబస్తీ మునిగింది. నీళ్లు తీశాక బురద ఎత్తిపోస్తుంటే పెళ్లి ఆల్బమ్‌లు దొరికేవి, పేజీకి పేజీ అతుక్కుపోయి. విడదీస్తే ముఖాలు ఊడొచ్చేవి. అందుకే ఈ ఊళ్లో ఫొటో అంటే నాకు కాస్త పిచ్చి, ఏమీ అనుకోకండి.

ఆ వరదని కూడా ఫొటోలు తీసినవాళ్లున్నారు. సెల్‌ఫోన్లతో, చిన్న కెమెరాలతో, మిద్దెల మీద నుంచి. అప్పట్లో కుర్రాళ్లంతా వాడే ఒక సైటులో పెట్టుకున్నారు. తర్వాత మా వీధి పిల్లలు కొందరు వాటన్నిటినీ ఒకచోట చేర్చి ఇంటర్నెట్‌లో ఒక పేజీ తయారుచేశారు. మంచి పనే. కానీ ఫొటోలు దించుకోలేదు. ఆ సైటులో ఉన్న బొమ్మ అడ్రసుని తమ పేజీలో అతికించి వదిలేశారు. చూసేవాడికి బొమ్మ అక్కడే ఉన్నట్టుంటుంది. నిజానికి పేజీ తెరిచిన ప్రతిసారీ అవతలి కంపెనీ సర్వర్ నుంచి రావాలి. పక్కింటి గోడకు మన ఫొటో తగిలించి మన కిటికీలోంచి చూసుకోవడమన్నమాట.

ఆ సైటు మూతపడింది. పేజీలో రాతలు మాత్రం మిగిలాయి. ‘మిద్దె మీద నుంచి, సాయంత్రం’. పైన ఖాళీ డబ్బా. ‘నీళ్లు తగ్గాక మా వాకిలి’. ఖాళీ డబ్బా. ‘అమ్మమ్మ, పక్కింటివాళ్లు’. మళ్లీ ఖాళీ డబ్బానే. నాకు కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మొన్నీమధ్య ప్రత్యేక సంచిక వేస్తున్న ఒక సంఘం పెద్దలు, ‘మేడం, ఫైళ్లెందుకు, ఫేస్‌బుక్ లింకులు పెట్టండి చాలు’ అన్నారు చూడండి, వాళ్ల మీద!

మీలో ఫేస్‌బుక్ బొమ్మ అడ్రసు కాపీ చేసి ఎక్కడైనా పెట్టినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆ అడ్రసు చాంతాడంత ఉంటుంది కదా, అందులో ‘ఓఈ’ అనే రెండక్షరాల పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అది గడువు. ఆ అడ్రసు ఎప్పటిదాకా పనిచేయాలో అందులోనే రాసిపెట్టారు. తేదీ మారుద్దామంటే కుదరదు, పక్కనే సంతకం లాంటి ఇంకో కోడ్ ఉంది, రెండూ సరిపోకపోతే బొమ్మ రాదు. కుర్రాళ్లు కబుర్లు చెప్పుకునే డిస్కార్డ్ యాప్ కూడా 2023 చివర్లో ఇదే చెప్పింది, బయట అతికించిన లింకు ఒక్కరోజే పనిచేస్తుందని.

కంపెనీలు అలా గడువు పెట్టడం తప్పని నేననను. నా ఫొటో నేను తీసేశాక మీ పేజీలో కనబడుతూ ఉంటే నాకే నచ్చదు. పైగా సర్వర్ ఖర్చు వాళ్లది. ఫొటోబకెట్ సంగతే చూడండి. అది ఫొటోలు పెట్టుకోవడానికే పుట్టిన సైటు. 2017లో ఉన్నట్టుండి, బయటి పేజీల్లో బొమ్మలు కనబడాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. ఈబే, అమెజాన్‌లలో సరుకు అమ్ముకునేవాళ్ల ఫొటోల స్థానంలో డబ్బు కట్టమనే బొమ్మ ప్రత్యక్షమైంది. ఇక మన వరద ఫొటోలు ఎవరికి పట్టాయి?

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోవచ్చిందండీ, రెండు నిమిషాలు.

ఫేస్‌బుక్ నుంచి దించుకుంటే చాలదా అని వెనకనుంచి ఎవరో అంటున్నారు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ అక్కడ బొమ్మని కుదిస్తారు, ఎప్పుడు తీశారో ఏ కెమెరాతో తీశారో ఆ వివరం ఊడగొడతారు. తీసినవాళ్లనే అడగండి. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు వస్తుంది. అడగడం మర్యాద కోసమే కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించాక, ఫొటో మీద హక్కు తీసినవాళ్లు బతికున్నంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లపాటు ఉంటుంది. తీసినవాళ్లు ఒప్పుకుంటే వికీమీడియా కామన్స్‌లో, అంటే అందరూ వాడుకునేలా ఫొటోలు దాచిపెట్టే సైటులో, పెట్టించండి. అక్కడ పెడితే తెలుగు వికీపీడియాలోనూ వాడుకోవచ్చు. ఒక కాపీ ఇక్కడ, ఈ గ్రంథాలయం బీరువాలో, హార్డ్ డిస్క్‌లో ఉండాలి. చూశారా, నాకిచ్చిన అంశానికి వచ్చేశాను.

అక్కా, నీలం చీర కట్టుకున్న మీరే, మీ తమ్ముడి దగ్గర పాత నోకియా ఉందన్నారు కదా ఇందాక? ఛార్జర్ దొరక్కపోయినా పట్రండి. ఆదివారం పొద్దున్న ఇక్కడే ఉంటాను. పాత ఫోన్లు, మెమరీ కార్డులు, సీడీలు, ఏవున్నా తెండి. ఎవరు తీశారో, ఏ వీధో ఒక కాగితం మీద రాసుకుని రండి. కార్డ్ రీడర్ నేను తెస్తాను. టీ సంగతి కార్యదర్శి గారిదే.