ఒక హత్య, ఇద్దరు కొడుకులు

మిత్రులకు నమస్కారం.

కొలంబియా డ్రగ్స్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ అంటే ఇక్కడున్న కుర్రాళ్ళందరికీ తెలుసు. టీషర్టుల మీద, వాట్సాప్ స్టేటస్‌లలో ఆ మొహం చూస్తూనే ఉంటాం. నేను మాత్రం ఆయన కొడుకు గురించి మాట్లాడదామని వచ్చాను.

1993 డిసెంబర్ 2. కొలంబియా రాజధాని బొగొటాలో ఒక హోటల్. ప్రభుత్వ కాపలా మధ్య పదహారేళ్ల హువాన్ పాబ్లో, తల్లి, చెల్లెలు, అతను ప్రేమించిన అమ్మాయి ఉన్నారు. మెడెలిన్‌లో దాక్కున్న తండ్రి నుంచి ఫోన్. లైన్లో ఎక్కువసేపు ఉంటే దొరికిపోతామని ఇంట్లో అందరికీ నేర్పిందే ఆయన. ఆరోజు ఆయనే మళ్ళీ మళ్ళీ చేశాడు. పోలీసులు ఆ ఫోన్ ఆధారంగానే ఇల్లు కనిపెట్టారు, ఇంటి పెంకుల మీద కాల్పుల్లో ఆయన చనిపోయాడు.

ఆ వార్త విన్న కొడుకు ఫోన్లోనే ఒక విలేఖరితో అన్నాడు, నాన్నను చంపినవాళ్లందర్నీ చంపేస్తానని. కొద్ది నిమిషాలకే మళ్ళీ మాట్లాడి, ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, పగ తీర్చుకోనన్నాడు. నన్ను అడిగితే అతని జీవితం మలుపు తిరిగింది ఆ కొద్ది నిమిషాల్లోనే. తండ్రి శవం ఇంకా ఇంటికి రాలేదు. ఆ వయసు పిల్లాడు ఆ మాట ఎలా మింగగలిగాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తండ్రంటే ప్రేమ లేక కాదు. తనను ప్రాణంగా చూసుకున్నాడని అతను ఎప్పుడూ చెబుతాడు. ఆ తండ్రి వెంట దాక్కున్న రోజుల్లో ఒకసారి గదిలో డబ్బు సంచులున్నా ఆకలితో మాడారట. బయట పోలీసులుంటే బియ్యం, రొట్టె కొనడానికి ఎవరు వెళ్తారు?

ఆ తర్వాత తండ్రి శత్రువులు కొడుకు ప్రాణం కూడా అడిగారు. తల్లి ఆస్తులు అప్పగించి అతన్ని బతికించుకుంది. 1994 చివర్లో దేశం వదిలి, మొజాంబిక్‌లో కొన్ని రోజులుండి అర్జెంటీనా చేరారు. ఆ అమ్మాయి కూడా చదువు, సొంతవాళ్లు అన్నీ వదులుకుని వాళ్ల వెంట నడిచింది. తర్వాత అతని భార్య అయింది.

మన దగ్గర సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరు. వీళ్లు చట్టప్రకారం ఇంటిపేరుతో సహా అన్నీ మార్చుకున్నారు. అతను సెబాస్టియన్ మరోకిన్ అయ్యాడు, ఆర్కిటెక్ట్ అయ్యాడు. 1999లో బ్యూనస్ ఎయిర్స్‌లో అసలు పేరు బయటపడింది. మనీ లాండరింగ్ కేసులో తల్లీకొడుకులు జైలుకెళ్లారు. ఆ కేసు నుంచి బయటపడటానికి ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1984 ఏప్రిల్ 30న ఎస్కోబార్ మనుషులు న్యాయశాఖ మంత్రి రోడ్రిగో లారా బోనియాను కారులో ఉండగా కాల్చి చంపారు. ఆ మంత్రి కొడుకు చిన్నపిల్లాడు, కుటుంబంతో యూరప్ వెళ్లిపోవలసి వచ్చింది. ఎస్కోబార్ కొడుక్కి ఏడేళ్లు, అతన్నీ పనామా తీసుకెళ్లారు. ఒకే హత్య ఇద్దరు పిల్లల్ని ఊరు దాటించింది. ఇద్దరిలో ఎవరి చేతా తుపాకీ లేదు.

పాతికేళ్లు దాదాపు గడిచాక మరోకిన్ ఆ మంత్రి కొడుక్కి, 1989లో హత్యకు గురైన అధ్యక్ష అభ్యర్థి లూయిస్ కార్లోస్ గలాన్ కొడుకులకు ఉత్తరం రాశాడు. తన తండ్రి చేసినదానికి క్షమాపణ అడిగాడు. వాళ్లు కలిశారు, ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ కలయిక 2009లో వచ్చిన డాక్యుమెంటరీలో ఉంది. నీ తండ్రి నేరం నీది కాదని వాళ్లు అతనితో అన్నారు. తండ్రుల్ని పోగొట్టుకున్న నోళ్లతో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

అతను చేసిందంతా నాకు నచ్చలేదు. తర్వాత తండ్రి ఫోటోలతో టీషర్టులు అమ్మాడు. శాంతి సందేశాలు రాయించానన్నాడు. కానీ ఆ మొహం వల్ల అనాథలైనవాళ్లు వీధిలో అది చూస్తే? ఆ పని నేను సమర్థించలేను.

2014లో తండ్రి గురించి పుస్తకం రాశాడు. అట్ట మీద రచయిత పేరు సెబాస్టియన్ మరోకిన్ అని లేదు. హువాన్ పాబ్లో ఎస్కోబార్ అని వేయించుకున్నాడు.